సూది లేని పిస్తోలు

డెబ్బైల చివర్లో ఒక కరువు వేసవి. పామిడి నుంచి అనంతపురం పోయే బస్సులో నా పక్కన యాభై ఏళ్ల ఆమె ఒళ్లో గుడ్డమూట పెట్టుకుని కూర్చుంది. వెనక సీటులోంచి గుబురు మీసాల మనిషి లేచి వచ్చి ఆమె మీదికి వంగాడు.

"మీ ఆయన పోయినాడు కదక్కా, ఆ పిస్తోలు ఇట్లియ్యి. పక్కూరోళ్లతో కొట్లాటకు కావాలని మా పెద్దాయన తెమ్మన్నాడు."

"ఇయ్యను. పోలీసు టేషన్‌లో అప్పజెప్పను పోతాండా."

వాడు మూట మీద చెయ్యి వేశాడు. ఆమె తనే ముడి విప్పింది. లోపల పొడుగు గొట్టం, చీపురుకట్ట పిడిలాంటి పిడి ఉన్న పాత జర్మనీ పిస్తోలు.

"మా ఆయన మిలిట్రీలో దీని సంగతి నేర్చుకోనొచ్చి నాకు చెప్పినాడు. జర్మనీలో ముగ్గురన్నదమ్ములు దీన్ని చేసినారంట. మరలతో బిగియ్యకుండా ముక్కకు ముక్క తగిలిచ్చినారు. ఒకటి పోతే తక్కినదంతా ఉత్త ఇనుము. తూటాను కొట్టే సూదిని నిన్ననే కొలిమిలో పెట్టి సాగగొట్టిచ్చినా. ఇంకో సూది కావాలంటే మీ పెద్దాయన్ను జర్మనీకి పొమ్మను. ఈ ఊర్లల్లో దీంతో మాత్రం ఎవర్నీ చంపనియ్యను."

"నీ సంగతి చూస్తాం" అంటూ వాడు తర్వాతి స్టేజీలో దిగిపోయాడు.

ఆమె మూట కట్టబోయింది. రెండుసార్లు వేసినా ముడి జారిపోయింది. నేను కట్టి ఇచ్చాను.

"టేషన్ కాడ ఆపుతాడా అప్పా?"

నేను దిగాల్సింది అక్కడ కాదు. అయినా ఆమెతోపాటు దిగి, స్టేషన్ లోపలి దాకా పక్కనే నడిచాను.