నాలుగో లేన్‌లో గుమ్మడికాయ

ఒక్క గుమ్మడికాయతో యూనివర్సిటీ పరువును, ఖరీదైన యంత్రాన్ని, ఒక ఆడపిల్ల ఆశను ఒకే పూట ముంచవచ్చా? నిక్షేపంగా ముంచవచ్చు. ముంచినవాణ్ణి నేనే. పన్నెండేళ్లుగా ఆ నేరం ఇంకొకరి మీద వేసి తిరుగుతున్నాను. ఇవాళ ఒప్పుకుంటున్నాను.

అప్పుడు గుంటూరు దగ్గర ఒక యూనివర్సిటీలో ఈతకొలను ఇన్‌చార్జిని. మా పాత స్కోరుబోర్డంటే నల్లబల్ల, సుద్దముక్క, నా వంకర అంకెలు. దాని స్థానంలో ఎలక్ట్రానిక్ బోర్డు వచ్చింది. ఈత మొదలెట్టి, తిరిగొచ్చి ముగించే వైపు ప్రతి లేన్ గోడకు నీళ్లలో ఒక పలక ఉంటుంది. ఈదేవాళ్ల చెయ్యి దానికి తగలగానే గడియారం ఆగి, సమయం బోర్డు మీద వెలుగుతుంది. నేను పెళ్లికొడుకు తండ్రిలా తిరిగాను. ఇక వీటితో పనేమిటని పాత స్టాప్‌వాచీలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను.

"సార్, ఆ పలకలకు ఇంకేదీ తగలకూడదండి," అన్నాడు బిగించిన టెక్నీషియన్.

"తగిలితే దిష్టే తగలాలయ్యా. దాని సంగతి నేను చూసుకుంటా."

చూసుకున్నాను. పోటీల రోజు పొద్దున్నే బూడిద గుమ్మడికాయకు పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టాను. కొత్త ఇంటికి కడతాం, కొత్త బోర్డేం పాపం చేసింది? అయితే బోర్డు ఎత్తున ఉంది, నాకు నిచ్చెనంటే భయం. అందుకని నాలుగో లేన్‌లో ఈతగాళ్లు దూకే దిమ్మెకు పురికొసతో వేలాడదీశాను.

ఆ లేన్ సువార్తది. మార్టూరు క్వారీ గుంతల్లో ఈత నేర్చుకున్న కూలీల బిడ్డ. ఆ రోజు వంద మీటర్లు మంచి సమయంలో ఈదితే జాతీయ పోటీల జట్టులో చోటు.

విజిల్ మోగింది. అందరూ దూకారు. ఆ అదురుకు పురికొస తెగింది. కాయ నీళ్లలో పడి, తేలి, అలల మీద ఊగి ఊగి, పోయి పలకను గుద్దింది. బోర్డు భగ్గున వెలిగింది: నాలుగో లేన్, మొదటి స్థానం, ఇరవై రెండు సెకన్లు!

"ఒరేయ్, ఆ పిల్ల మనిషా, చేపా?" అన్నాడు గట్టు మీద చూసేవాళ్లలో ఒకడు.

"ఆ పిల్ల ఇంకా అవతలే ఉంది కదరా! మరి గెలిచిందెవరు?"

చివరికి సువార్త నిజంగానే అందరికంటే ముందొచ్చింది. పలకను ఎంత గట్టిగా చరిచినా ఇరవై రెండు కదల్లేదు.

రెఫరీగారు బోర్డు దగ్గర గుడ్లు తేలేస్తుండగా నేను కాయను లాగి చొక్కా కింద దోపుకున్నాను.

"ఇన్‌చార్జిగారూ, ఏమిటండీ ఇది? స్టాప్‌వాచీ టైమన్నా ఉందా?"

"లేదండి. ఆ అమ్మాయి దూకేటప్పుడు పలకను తన్నిందండి. అందుకే అది తిక్కతిక్కగా చేస్తోంది."

"తన్నిందా? అయితే మళ్లీ ఈదనిచ్చేది లేదు. టైము లేదు, సెలక్షనూ లేదు."

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. నేను పొట్ట తడుముకున్నాను.

అందరూ వెళ్లాక సువార్త తువ్వాలు కప్పుకుని వచ్చింది.

"సార్, మీ చొక్కాకు పసుపు కారుతోందండి."

నేను రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకున్నాను.

"ఆ కాయే నాకంటే ముందొచ్చింది కదండీ. జట్టులోకి దాన్నే పంపండి."

ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పినా నా మాటే నెగ్గుతుందని ఆ వయసుకే తెలుసు కాబోలు.

కనుక పాఠకుల సాక్షిగా చెబుతున్నాను: సువార్త పలకను తన్నలేదు. తన్నాల్సింది నన్ను. ఇకమీదట ఏ కొత్త యంత్రం వచ్చినా దానికి దిష్టికాయ కట్టనని, దానికి పట్టిన అసలు దిష్టిని, అంటే నన్ను, గేటు బయటే నిలబెడతానని ప్రమాణం చేస్తున్నాను.