గోడవైపు తిప్పిన బాపు

నేను సైన్సు టీచర్ని. సరిచూడనిదే ఏదీ నమ్మను. ఇప్పుడు చెప్పేది మాత్రం నాకే జరిగింది... ఒక్క ముక్క కలపలేదు. ఎవరి మీద ఒట్టు వేయమన్నా వేస్తాను.

సైదాబాద్‌లో మా ఇల్లు. మా నాన్నను బాపు అంటాం. ఆయనకు పక్షవాతం వచ్చి పద్నాలుగు నెలలు. కుడివైపు చచ్చుబడింది. వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి. పగలు ఆయా ఉంటుంది. రాత్రులు నేనొక్కదాన్నే. ఈ మధ్య బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగిపోతున్నాను. ఏం రాస్తున్నానో గుర్తురాదు.

ఆ రాత్రి పన్నెండింటికి బాపును గోడవైపు తిప్పి, వీపు వెనక దిండు పెట్టాను. రెండింటికి అలారం పెట్టుకుని, కింద చాప మీద ఒరిగాను.

మెలకువ వచ్చేసరికి నాలుగు. అలారం వినలేదు... బాపు కింది గాలిపరుపు మోటారు సన్నగా గుర్రుమంటోంది. ఇంకో శబ్దం లేదు. గబగబా లేచి ఫోను వెలుగు పట్టాను.

బాపు ముఖం... నావైపు ఉంది.

కళ్లు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి.

తలుపు చూశాను. లోపలి గడియ వేసినట్టే ఉంది. కిటికీకి ఊచలు. ఇక తనే తిరిగాడేమోనని, మళ్లీ తిరగమన్నాను. ఎడమ చేత్తో మంచం అంచు పట్టి లాగాడు. అంగుళం కదల్లేదు.

“గీ యాళ్ల గూడ పరీక్షలేనా టీచరమ్మా,” అన్నాడు ముద్దముద్దగా.

“మరి నిన్నెవరు తిప్పిండ్రు బాపూ?”

“నువ్వే గద బిడ్డా.”

నిద్ర చాలని మనిషి తెలియకుండానే అలవాటైన పని చేయగలదు. ఊపిరి పీల్చుకున్నాను. అక్కడితో ఆగాల్సింది... కానీ ఆగలేదు.

“నేనేమన్న మాట్లాడిననా?”

“లేదు. దిండు పట్కొని నిలబడ్డవ్. మస్తు సేపు.”

“యాడ?”

బాపు ఎడమ చెయ్యి మెల్లగా లేచింది... తన ముఖానికి జానెడు ఎత్తున ఆగింది.

“తర్వాత?”

“పేరు వెట్టి పిలిచిన. పిలవంగ పిలవంగ ఎనకకు తీసుకున్నవ్. నన్ను తిప్పి, ఈపు ఎనక వెట్టినవ్.” నా ముఖం చూసి, “కల గావచ్చు బిడ్డా. ఫికర్ చెయ్యకు,” అన్నాడు.

తెల్లవారగానే మాదన్నపేటలో ఉండే చెల్లెలికి ఫోన్ చేసి, రాత్రులు మా ఇంట్లో పడుకోమన్నాను.

“ఏందక్కా, ఎన్నడు అడగనిది? బాపుకేమన్న అయిందా?”

“కాలే,” అన్నాను.

ఆయన కల కన్నాడో, నేను నిజంగానే అలా నిలబడ్డానో ఇంతవరకు తేల్చుకోలేకపోయాను. రెండింటికీ సాక్ష్యం ఒక్కటే, అదీ బాపు మాట. చెల్లెలు మాత్రం వస్తోంది. తన చాప నాకూ మంచానికీ నడుమ ఉంటోంది.

అక్కడ వేసుకోమన్నది నేను కాదు... బాపు.