క్రేను మోసిన బరువు, ఆయన తిన్న అన్నం

పని స్థలంలో ఆయన్ని అందరూ ఆకాశం అని పిలుస్తారు. అసలు పేరుతో హాజరు రాసుకునే గుమాస్తాకు తప్ప మరెవరికీ పనిలేదు. నేలకు నలభై అయిదు మీటర్ల ఎత్తున, అద్దాల గదిలో, కుడిచేతికొక మీట, ఎడమచేతికొక మీట పెట్టుకుని రోజంతా కూర్చునే మనిషికి అంతకంటే తగిన పేరు దొరకదు. పన్నెండంతస్తుల భవనం పక్కన నిలబెట్టిన టవర్ క్రేను ఆయన చేతిలో ఉంది.

తోటివాళ్ల దగ్గర ఆయన "నా క్రేను" అనేవాడు. ఇంటికి వచ్చేసరికి ఆ మాటలో క్రేను కాస్తా జారిపోయేది. "ఇవాళ నలభై టన్నుల ఇనుము ఎత్తాను" అంటూ భుజం నొక్కుకుంటూ గుమ్మంలో అడుగుపెట్టేవాడు. నిజం చెప్పాలంటే, ఆ మీట కదపడానికి తలుపు గడియ తీసేంత బలం చాలు. కానీ ఇరవై ఏళ్లుగా అదే మాట వింటున్న భార్యకు జాలి కలగడం సహజం. "పాపం, నలభై టన్నులు" అనుకుంటూ ఆమె మరో గరిటె వడ్డించేది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే వాళ్లున్నట్టే, క్రేను పేరు చెప్పి అన్నం తినేవాళ్లూ ఉంటారు.

చివరికి మధ్యాహ్నం తినే అన్నం డబ్బాను కూడా ఆయన మోసేవాడు కాదు. కింద నిలబడి సైగలు చేసే సిగ్నల్ కుర్రవాడు దాన్ని గుడ్డసంచిలో పెట్టి కొక్కేనికి తగిలించేవాడు. ఆకాశం మీట లాగేవాడు. నాలుగు టన్నులు ఎత్తగల యంత్రం ఆ కాస్త అన్నాన్ని మహా గంభీరంగా పైకి మోసుకొచ్చేది. కొక్కెం దాపుకు రాగానే ఆయన గది బయటి తిన్నె మీద నిలబడి వంపుకర్రతో సంచి అందుకునేవాడు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఈయన విషయంలో కూర్చుని తిన్నకొద్దీ కొండ పెరిగింది.

ఆ సంగతి బయటపెట్టింది భద్రతాధికారి. పక్క స్థలంలో నిలబెట్టబోయే కొత్త క్రేను నిచ్చెనకు కొత్తరకం రక్షణ బెల్టు వస్తోంది. పాత బెల్టు నూట పది కిలోల దాకా ఆపుతుంది, కొత్తది వంద కిలోలే. బూట్లు, టోపీ, బెల్టు, వాకీటాకీ, ఒంటి మీద ఉన్నదంతా ఆ వందలోనే ఇమడాలి. నిచ్చెన ఎక్కేవాళ్లందర్నీ కాటా మీద నిలబెట్టారు. ఆకాశం నూట నాలుగు తూగాడు.

"ఈ భవనం పూర్తవడానికి ఇంకా ఆరు నెలలుంది. అప్పటికి మీరు వంద లోపుంటే కొత్త క్రేను మీదే. లేకపోతే గేటు దగ్గర లారీలు లోపలికి పంపే పని చూసుకోండి" అన్నాడు భద్రతాధికారి, మర్యాదగానే.

గేటు చెడ్డ ఉద్యోగమేమీ కాదు. కానీ ఆకాశం ఇరవై ఏళ్లుగా పక్షుల వీపులు చూసిన మనిషి. పొద్దున్నే పొగమంచు తన కాళ్ల కింద విడిపోతుంటే చూస్తూ మొదటి బరువు ఎత్తేవాడు. లారీల వెనుక దుమ్ములో, పక్షుల పొట్టలు చూస్తూ బతకడమన్న ఊహకే ఆయన గుండె జారింది.

ఆ సాయంత్రమే ఫోనులో బరువు తగ్గించే లెక్క ఒకటి వెతికాడు. వయసు నలభై ఎనిమిది, ఎత్తు నూట డెబ్భై సెంటీమీటర్లు, బట్టలూ బూట్లూ లేకుండా బరువు వంద. అన్నీ నిజాయితీగా నింపాడు. తర్వాత ఫోను "మీ పని ఎటువంటిది?" అని అడిగింది. కూర్చుని చేసేదా, తేలికపాటిదా, మధ్యస్థమా, బరువు పనా, అతి బరువు పనా? ఆకాశం క్షణం కూడా తటపటాయించలేదు. నలభై టన్నులు అతి బరువు కాకపోతే మరేది అతి బరువు?

బరువు తగ్గడానికి రోజుకు దాదాపు మూడు వేల క్యాలరీలు తినమంది ఫోను. ఇంట్లో లెక్కగట్టి చూస్తే అప్పటిదాకా తింటున్నది అంతకంటే తక్కువని తేలింది. భార్య ఆశ్చర్యపోయింది.

"ఏవండీ, తగ్గడానికి ఇంకా ఎక్కువ తినాలా?"

"సైన్సే అలా చెబుతుంటే మనమేం చేస్తాం? ఇంకో రెండు గుడ్లు ఉడకెయ్యి" అన్నాడు ఆయన, త్యాగం చేస్తున్నవాడి ముఖంతో.

నెల తిరిగేసరికి పని స్థలంలో కాటా, బూట్లూ బెల్టూ అన్నీ కలిపి, నూట ఆరు చూపింది. సైన్సు మీద నమ్మకం పోయి, ఆయన మరదలికి కబురు పెట్టాడు. భార్యకు చెల్లెలైన ఆమె ఆసుపత్రిలో రోగులకు ఆహార నియమాలు చెప్పే ఉద్యోగంలో ఉంది. ఆదివారం వచ్చి, ఫోను చేతిలోకి తీసుకుని, ఒక్కచోట ఆగిపోయింది.

"బావా, అతి బరువు పని అని ఎవరు పెట్టారు?"

"నేనే. రోజుకి నలభై టన్నులు ఎత్తుతానమ్మా."

"నీ చేత్తోనా?"

"క్రేనుతో."

"మరి క్రేనుకి పెట్టు అన్నం! దాని ఆకలి నీ పొట్టలో తీరుస్తానంటే ఎలా?"

వంటగదిలోంచి భార్య నవ్వు వినబడింది. ఇరవై ఏళ్ల జాలి ఒక్కసారిగా వెనక్కి తీసుకున్న నవ్వది. ఆకాశానికి రోషం వచ్చింది.

"నిచ్చెన ఎక్కడం పని కాదా? నలభై అయిదు మీటర్లు!"

"పనే. ఒకసారి ఎక్కితే యాభై క్యాలరీలు ఖర్చవుతాయేమో. అంటే సగం అరటిపండు."

"సగమేనా?"

"పెద్ద పండైతే సగం కూడా కాదు."

అప్పుడు ఆమె అసలు సంగతి చెప్పింది. మనిషి కదలకుండా పడుకున్నా గుండె కొట్టుకుంటుంది, మెదడు పనిచేస్తుంది, కాలేయం, మూత్రపిండాలు సెలవు తీసుకోవు. ఆ విశ్రాంతి ఖర్చే ఆయన శరీరానికి రోజుకు సుమారు పద్దెనిమిది వందల క్యాలరీలు. నడక, నిచ్చెన, మీటలు, మాటలు అన్నీ కలిపితే మరో అయిదు వందలు. మొత్తం రెండు వేల మూడు వందలు. ఇది అంచనా, నూటికి పది అటూ ఇటూ ఉండవచ్చు. అంతకంటే ఎక్కువ తిన్నది ఒంట్లో నిల్వ చేరుతుంది, తక్కువైనది నిల్వలోంచి ఖర్చవుతుంది.

యంత్రాలతో బతికినవాడు గనక ఆకాశానికి అది తన దారిలో అర్థమైంది. పని స్థలంలో జనరేటరు ఉంది. బరువేదీ లేకుండా ఊరికే తిరుగుతున్నప్పుడూ అది డీజిల్ తాగుతుంది. అందాకా సరిగానే అర్థమైంది. చిక్కల్లా తర్వాతి అడుగులో వచ్చింది. ఊరికే తిరిగే జనరేటరును చూస్తే ఫోర్‌మన్ "ఆపండి, దండగ!" అని అరుస్తాడు. ఆ పద్దెనిమిది వందలూ దండగేనని ఆకాశం తీర్మానించుకున్నాడు. మర్నాటి నుంచి దాన్లో సగం మాత్రమే తినసాగాడు. భార్య బతిమాలితే "జనరేటరు ఆపుతున్నా" అన్నాడు.

అలా ఆపుతూ వచ్చిన జనరేటరు ఒక రోజు మధ్యాహ్నానికి ముందు మొరాయించింది. కొక్కేనికి ఇనుప కడ్డీల కట్ట వేలాడుతోంది. కుర్రవాడు కింద నుంచి సైగ చేశాడు. ఆకాశం వేళ్లు మీట మీద సన్నగా వణికాయి. కట్ట రవ్వంత ఊగింది, అంతే. కింద ఎవరూ గమనించలేదు కూడా. కానీ ఆ ఊపు గాలిది కాదని, తన చేతిదని ఆయనకు తెలుసు. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"తమ్ముడూ, కింద అందర్నీ తప్పించు. దీన్ని దింపేస్తున్నా. ఇవాళ్టికి నా చెయ్యి బాగాలేదు."

కుర్రవాడు వేళాకోళమే అనుకున్నాడు. "ఏంటన్నా, నలభై టన్నులకే అలిసిపోయావా?"

"ఎత్తేది నేను కాదురా. తప్పించమన్నానా!"

కట్ట మెత్తగా నేలకు దిగింది. ఆయన తేరుకుని, ఒక్కో మెట్టే చూసుకుంటూ దిగాడు. సెలవు చీటీలో కారణం దగ్గర "ఆకలి" అనే రాశాడు. ఫోర్‌మన్ రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.

సాయంత్రం మరదలు వచ్చింది. నవ్వుతూ రాలేదు.

"బావా, జనరేటరు ఆపితే మళ్లీ స్విచ్చు వేసుకోవచ్చు. నిన్ను ఆపితే మళ్లీ వేసే స్విచ్చు మా అక్క దగ్గర లేదు."

ఆయన తల వంచుకున్నాడు. "మరేం తినాలి?"

"పడుకున్నా అయ్యే ఖర్చు ఎంతో, ఇంచుమించు అంత తిను. ఆ పద్దెనిమిది వందలు నీ గుండెవీ, మెదడువీ, వాటి జోలికి పోకు. పైన కదలడానికి అయ్యే అయిదు వందలు మాత్రం ఒళ్లు తన నిల్వలోంచి తీసుకుంటుంది. నిల్వకేం లోటు లేదుగా?" అంటూ బావ పొట్ట వైపు చూసింది. అప్పుడు మళ్లీ నవ్వింది.

ఆ రోజు నుంచి భార్య జాలి గరిటె మానేసింది. అన్నం తగ్గి, కూర, గుడ్డు నిలిచాయి. మొదటి నెలలో బరువు చకచకా తగ్గింది, తర్వాత బద్ధకించింది. ఒళ్లు తగ్గినకొద్దీ విశ్రాంతి ఖర్చు కూడా కొంచెం తగ్గుతుందని మరదలు ముందే హెచ్చరించింది గనక ఈసారి ఆయన ఎవరి మీదా నమ్మకం పోగొట్టుకోలేదు. మధ్యాహ్నం డబ్బాను కొక్కేనికి తగిలించడం కూడా మాన్పించాడు. పొద్దున ఎక్కేటప్పుడే బెల్టుకు కట్టుకుని తీసుకెళ్లేవాడు. దానివల్ల ఖర్చయ్యేది అరటిపండులో చిటికెడని మరదలు చెప్పినా వినలేదు. అది లెక్క కోసం కాదు, పరువు కోసం.

కాటా రోజు వచ్చింది. బూట్లు, టోపీ, బెల్టు, వాకీటాకీ, నడుముకు అన్నం డబ్బా, ఎప్పుడూ నిచ్చెన ఎక్కే వేషంలోనే నిలబడ్డాడు. కుర్రవాడు మెడ సాచి చూశాడు. భద్రతాధికారి చదివాడు.

"వంద కిలోల నాలుగు వందల గ్రాములు."

కుర్రవాడే తెగించాడు. "అన్నా, ఆ డబ్బా పక్కన పెట్టు!"

"అదెలా కుదురుతుంది? రోజూ దాన్ని మోసుకునే ఎక్కుతున్నారుగా" అన్నాడు అధికారి. "కింద పెడితే మరి దాన్ని పైకెవరు మోస్తారు?"

ఆకాశం నడుముకున్న డబ్బా విప్పి కుర్రవాడి చేతికిచ్చాడు. ఇరవై ఏళ్లుగా గుమ్మంలో చెప్పుకున్న గొప్పంతా చెప్పబోయే మాటకు అడ్డం నిలబడింది.

"క్రేను మోస్తుంది సార్" అన్నాడు చివరికి. "మొదట్నుంచీ అదే మోస్తోంది. నేను మీట లాగుతానంతే."

కాటా ముల్లు తొంభై తొమ్మిదిన్నర దగ్గర నిలిచింది. అధికారి రాసుకున్నాడు.

ఆ సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు ఆయన భుజం నొక్కుకోలేదు. భార్య వంటగదిలోంచి అడిగింది.

"ఏవండీ, ఇవాళ ఎన్ని టన్నులు?"

"ఆరున్నర కిలోలు" అన్నాడు ఆయన. "ఇవి మాత్రం నేనే దింపాను."