అందరి ఫోన్లూ ఒకేసారి మోగినప్పుడు

ఆర్మూర్ నుంచి డ్యాం పక్కనున్న మెండోర వెళ్తున్న బస్సులో అందరి ఫోన్లూ ఒక్కసారిగా సైరన్‌లా అరిచాయి. అలాంటి మోత మేమెవరమూ ఎప్పుడూ వినలేదు. "డ్యాం తెగిందేమో!" అని ఎవరో కేకేశారు.

పక్కసీటులోని నడివయసావిడ తన ఫోన్ నా చేతిలో పెట్టింది.

"నాకు సదువు రాదు బిడ్డా, జర సూడు. మా ఆయన దుబాయిల ఉన్నడు. ఆయనకేమన్న అయిందా?"

తెర మీద ఉన్నది చదివాను. "ఏం కాలేదమ్మా. ఆపదలొస్తే అందరికీ చెప్పేటందుకు సర్కారోళ్లు మోగించి చూస్తున్నరట."

ఆమె నమ్మలేదు. భర్తకు కలపమంది. అవతల రింగవుతున్నంతసేపూ నా మణికట్టు వదల్లేదు. ఆయన "హలో" అనగానే "తిన్నవా?" అని మాత్రం అడిగింది.

అలాంటి మోత ఆ తర్వాత కూడా విన్నాను. ఉత్త పరీక్షేనని తెలిసినా, ఇంటికి ఫోన్ చేశాకే కుదుటపడతాను.