రెండు మూరల గేటు

నీలమ్మ గురించి చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఐదడుగుల బతుకమ్మే కావాలని పట్టుబట్టింది నేను. పక్క టవర్‌లో కంపెనీ వాళ్ళు కిందటేడు నాలుగున్నర అడుగులది పెట్టి, ఆ ఫొటోలు కనిపించిన గ్రూపులన్నిటిలోనూ పంచుకున్నారు. పదకొండేళ్ళుగా హెచ్‌ఆర్‌లో ఉన్నదాన్ని, నాకు మాత్రం రోషం ఉండదా?

నా పేరు ఉదయశ్రీ. మాది కాకినాడ. రాయదుర్గంలో మెట్రో దిగి రోడ్డు దాటితే మా ఆఫీసు, తొమ్మిదో అంతస్తు. ఆ అంతస్తులోనే నీలమ్మ ఆరేళ్ళు హౌస్‌కీపింగ్ చేసింది. పుట్టింది పుప్పాలగూడలో, మెట్టిందీ అక్కడే. ఏటా పండగ రోజుల్లో మా పాంట్రీలో, స్టీలు పళ్ళెంలో జానెడు బతుకమ్మ పేర్చి పెట్టేది. జానెడే గానీ, కాఫీకని వచ్చినవాళ్ళు కాఫీ మర్చిపోయి దాన్నే చూస్తూ నిలబడేవారు. తంగేడు వరస, దాని మీద రంగులద్దిన గునుగు వరస, ఆపైన బంతి. ఒక్క పువ్వు కూడా వరస దాటేది కాదు.

"నీలమ్మా, ఇవి ఆఫీసులకి చేసి ఇవ్వకూడదూ? ఈ చుట్టుపక్కల ఎన్ని కంపెనీలున్నాయో చూడు!" అన్నాను ఒకసారి. నేను మాటవరసకే అన్నాను. ఆమె మాత్రం మనసులో పెట్టుకుంది.

ఈ ఏడు పండగ వారం సెలవడిగితే ఏజెన్సీ సూపర్‌వైజర్ కుదరదన్నాడు. నీలమ్మ పని మానేసింది. మానేసి తిన్నగా నా దగ్గరికే వచ్చింది. "మేడం, మీరన్నరు కద. ఇగ మీ ఆఫీసుతోనే మొదలువెడత." సూపర్‌వైజర్ చెడ్డవాడేం కాదు. "పండుగైనంక వచ్చే సోమవారం దాక నీ జాగ ఖాళీగ ఉంచుత. తర్వాత నా చేతుల ఉండదు" అన్నాడట. మా ఆఫీసు పండగ ఆ ముందు శుక్రవారం. అంటే ఈ ఒక్క ఆర్డరు సరిగ్గా జరిగితే నీలమ్మకు సొంత వ్యాపారం. జరక్కపోతే సోమవారం మళ్ళీ ఆ నీలం యూనిఫాం.

ఇక నా ఉత్సాహం చూడాలి! ఒక శనివారం ఆమెని కూర్చోబెట్టి చిన్న వ్యాపారం ఎలా నడపాలో రెండు గంటలు పాఠం చెప్పాను. ప్రతి మాటా కాగితం మీద ఉండాలన్నాను. సరుకు ఏ టైముకి దిగాలి, ఎవరు తీసుకోవాలి, వాన పడితే ఏం చెయ్యాలి, అన్నీ రాయించాను. లిఫ్టులోకి టేపు తీసుకెళ్ళి నేనే కొలిచాను. ఏడడుగుల ఎత్తు, బోలెడంత ఖాళీ. కాగితం మీద 'ఎత్తు ఐదడుగులు' అని రాసి కింద రెండు గీతలు గీశాను. నీలమ్మ బుద్ధిగా తలూపింది. నేను చాలా తెలివైనదాన్నని ఆ రోజు నాకు గట్టి నమ్మకం.

శుక్రవారం పదిన్నరకి ఆమె భర్త మొగిలి ట్రాలీ ఆటో మా గుమ్మం ముందు ఆగింది. టార్పాలిన్ తీయగానే సెక్యూరిటీ వాళ్ళు కూడా "అబ్బా" అన్నారు. చేవెళ్ళ వైపు నుంచి పూలు తెప్పించి, తోటికోడళ్ళిద్దరితో కలిసి తెల్లవారుజామునే మొదలుపెట్టి పేర్చిన బతుకమ్మ. నిండా ఐదడుగులు. నేను అక్కడే చప్పట్లు కొట్టేశాను. నీలమ్మ కొత్త ఆకుపచ్చ పట్టుచీరలో ఉంది. ఆరేళ్ళలో మొదటిసారి ముందు గుమ్మంలోంచి లోపలికొచ్చింది. సెక్యూరిటీ నరేందర్ రిజిస్టరు తీసి, పేరు రాసి, కంపెనీ అన్న గడిలో అలవాటు కొద్దీ 'హౌస్‌కీపింగ్' అని రాసేశాడు. నీలమ్మ ఆ గడి వైపు ఒకసారి చూసి లోపలికి నడిచింది.

నలుగురు మగవాళ్ళు బతుకమ్మను ఎత్తుకుని, కార్డు చూపిస్తే తెరుచుకునే అద్దాల గేట్ల దాకా తెచ్చారు. అక్కడ ఆగిపోయారు.

చక్రాల కుర్చీల కోసం పెట్టిన గేటే అన్నిటికంటే పెద్దది. అది మూడడుగుల వెడల్పు. బతుకమ్మ అడుగున ఉన్న చెక్క నాలుగడుగులు. ఎత్తు, ఎత్తు అని ఇన్ని రోజులుగా కొట్టుకున్న మేమిద్దరం వెడల్పు మాటే ఎత్తలేదు.

"గేటు ఫ్రేము ఇప్పాలంటె బిల్డింగోళ్ల పర్మిషన్ కావాలె మేడం. ఆ సారు ఇయ్యాల లీవుల ఉన్నడు" అన్నాడు నరేందర్.

"వెనక సామాన్ల లిఫ్టు?" అన్నాను.

"ఆ దర్వాజ ఇంకింత సన్నగుంటది మేడం. ఆరేండ్లు ట్రాలీ తోసిన, నాకు ఎర్కలేదా?" అంది నీలమ్మ. "ఎత్తు ఎత్తు అనుకుంట ఎడల్పు సోయే లేకపాయె."

"జర వంచి తీస్కపోదమా?" అన్నాడు మొగిలి. నీలమ్మ చూసిన చూపుకి రెండడుగులు వెనక్కి జరిగాడు.

మూడు గంటలకి పైన నూట యాభై మంది ఎదురుచూస్తుంటారు. నీలమ్మ మెట్టు మీద కూర్చుండిపోయింది. కొత్త చీర కుచ్చిళ్ళు నేల మీద పరుచుకున్నా చూసుకోలేదు. సోమవారం ఆమె కళ్ళ ముందు కనిపిస్తోందని నాకు తెలుస్తూనే ఉంది.

రెండు నిమిషాలయ్యాక లేచింది. గేటు దగ్గరికెళ్ళి మోచెయ్యి ఆనించి, వేలికొస దాకా కొలిచింది. మళ్ళీ అక్కడి నుంచి ఇంకో మూర.

"రెండు మూరలు. నాలుగు వేళ్లు తక్కువ పెట్టుకుంటె సాఫ్‌గ ఎల్తది."

"ఏది వెళ్తుంది?"

"కొత్త బతుకమ్మ. పైన మళ్ల పేరుస్త."

"ఇది విప్పేస్తావా? తప్పు కాదూ?" అన్నాను భయంగా.

"గౌరమ్మను పెట్టలే కద మేడం. గౌరమ్మ కూసున్నంక అయితె నేను ముట్టనే ముట్ట." సంచిలోంచి చిన్న డబ్బా తీసి, తమలపాకులో పసుపు గౌరమ్మను చూపించింది. "ఇప్పటికైతె ఇవి పూలే. పైన ఆడోళ్లున్నరు కద, కిందికి పిలువున్రి."

పిలిచాను. పిలవడమేమిటి, గ్రూపులో పెద్దక్షరాలతో కేకే పెట్టాను! పదినిమిషాల్లో లాబీ నిండిపోయింది. క్యాంటీన్ నుంచి నలభై ట్రేలు దిగాయి. నీలమ్మ పైనుంచి ఒక్కో వరసా తీసి, ఏ రంగుకా రంగు ట్రేల్లో సర్దింది. పట్టుచీరల మీద ఐడీ కార్డులు వేలాడుతుంటే మా టెస్టర్లు, ప్రోగ్రామర్లు ఒక చేత్తో పూల ట్రే, ఇంకో చేత్తో కార్డు చూపిస్తూ వరసగా గేట్లు దాటారు. గేట్లు టకటకా తెరుచుకుంటూనే ఉన్నాయి. నేను పసుపు గునుగు ట్రే పట్టుకుని ఉత్తపుణ్యానికి రెండుసార్లు తిరిగాను.

పైన క్యాంటీన్‌లో బల్లలు పక్కకి జరిపి నీలమ్మ మధ్యలో కూర్చుంది. ఆరేళ్ళుగా అదే నేల తుడిచిన మనిషి, ఆ రోజు అక్కడ అందరికీ పనులు పంచింది. రెండు మూరలకు నాలుగు వేళ్ళు తక్కువున్న బల్లచెక్క మీద ఇద్దరు గుమ్మడాకులు పరవాలి. పదిమంది గునుగు కాడలు సమంగా కట్టలు కట్టాలి. విజయవాడ అమ్మాయి రసజ్ఞ "నేను ముట్టుకోవచ్చా అండి?" అని దూరంగా నిలబడి అడిగింది.

"ఎందుకు ముట్టొద్దు బిడ్డా? రా, కూసో. కాడ లోపలికి, పువ్వు బయటికి. గంతే."

మా సెంటర్ హెడ్ రవికిరణ్ గారు ఏం జరుగుతోందో చూద్దామని వచ్చి, ఖాళీగా నిలబడినందుకు దొరికిపోయారు. నీలమ్మ ఆయన చేతికి ఆకులు, కొమ్మలు ఇచ్చి నడుమ కూరమంది. ఆయన సుతారంగా పెడుతుంటే, "సారూ, గట్టిగ కూరున్రి. లోపట బోలుగుంటె పైదంత కూలుతది" అని గదమాయించింది. ఆరేళ్ళు ఆయన క్యాబిన్ తుడిచినా ఆమె పేరు ఆయనకు తెలీదు. నన్నడిగి తెలుసుకున్నారు. ఆ తర్వాత, "నీలమ్మగారూ, ఇది చాలా?" అన్నారు. ఆ 'గారు' విని నా కళ్ళు నిండాయి. నీలమ్మ పట్టించుకోలేదు, ఆమె చూపంతా వరసల మీదే.

అడుగు తగ్గింది కాబట్టి ఎత్తూ తగ్గింది. నాలుగడుగుల దగ్గర గుమ్మడిపువ్వు పెట్టి ఆపేసింది. "ఇంకొక్క జానెడు?" అని నేను బతిమాలాను. "కూలుతది మేడం" అంది, అంతే. మిగిలిన పూలతో ఒక్కో టీము ఒక్కో చిన్న బతుకమ్మ చేసుకుంది. ఒకటి వంకర, ఒకటి బొద్దు, చేసినవాళ్ళు మాత్రం వాటిని వదిలి కదల్లేదు. మూడింటికి పది నిమిషాలుందనగా నీలమ్మ గౌరమ్మను పెట్టింది. ఆమె పాట ఎత్తుకుంటే అంతస్తంతా గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కలిపింది. పాట రాని నేను అందరికంటే గట్టిగా పాడాను.

అయిదింటికి నిమజ్జనానికి నార్సింగి వైపు చెరువుకు బయల్దేరాలి. మళ్ళీ అదే గేటు. ఇప్పుడు గౌరమ్మ కూర్చుంది, ఒక్క పువ్వు తీయడానికి లేదు. మొగిలి, నరేందర్ ముందు పట్టుకున్నారు, రవికిరణ్ గారు వెనక. ఎవరూ ఊపిరి తీయలేదు. అటు రెండు వేళ్ళు, ఇటు రెండు వేళ్ళు సందు మిగిలి బతుకమ్మ సాఫీగా బయటికి వెళ్ళిపోయింది. లాబీ అంతా ఈలలు!

బయట, పక్క టవర్ కంపెనీ జ్యోత్స్న నిలబడి ఉంది, కిందటేడు నాలుగున్నర అడుగుల బతుకమ్మ ఫొటోలు పంచుకున్న జ్యోత్స్న. ఎత్తు మాటే ఎత్తలేదు. మా వాళ్ళ చేతుల్లోని వంకర బతుకమ్మల్ని చూసి, "ఇవి మీ వాళ్ళే చేశారా? మా వాళ్ళకీ నేర్పుతారేమో అడగవా?" అంది. బుధవారానికి అక్కడికక్కడే మాట ఇచ్చేసింది నీలమ్మ. మాట ఇచ్చే ముందు ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "మీ గేటెంత మేడం?" ఆదివారం సాయంత్రానికి మరో మూడు ఆఫీసులు ఫోన్ చేశాయి. పేర్చి తెచ్చే బతుకమ్మ కోసం కాదు, పూలూ నీలమ్మా రావాలని.

చిన్న వ్యాపారం గురించి ఇప్పుడు నన్నెవరైనా సలహా అడిగితే, నా రెండు గంటల పాఠం చెప్పను. మీ సరుకు ఏ గుమ్మంలోంచి వెళ్ళాలో ముందు చూసుకోమంటాను. మీరు ఇంట్లో దాచుకుని చేసే పని ఒకసారి కొనేవాళ్ళ ముందు చేసి చూడమంటాను.

సోమవారం పొద్దున నేను లాబీలోకి వచ్చేసరికి నీలమ్మ రిసెప్షన్ దగ్గర ఉంది. చేతిలో ఉతికి మడతపెట్టిన రెండు జతల నీలం యూనిఫాం, పైన పాత ఐడీ కార్డు. "తిరిగి చేరడానికా?" అన్నాను.

"తిరిగిచ్చెటందుకు మేడం" అంది నవ్వుతూ.

నరేందర్ రిజిస్టరు తెరిచి పేరు రాశాడు. పక్క గడి దగ్గర ఆగి, ఈసారి తల ఎత్తి అడిగాడు. "కంపెనీ ఏం రాయాలె అక్కా?"

"నీలమ్మ."

"పేరు రాసిన. కంపెనీ అడుగుతున్న."

"అదే రాయి తమ్మీ. నీలమ్మ."

నరేందర్ రెండో గడిలోనూ రాశాడు.