మా చిన్నమ్మ గిటారును బేరం పెట్టిన రోజు

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులకు చండ్రుగొండ దగ్గర చిన్నమ్మ వాళ్లింటికి వెళితే, మిరప కల్లంలో ఆడి ఒళ్లంతా మంటతో తిరిగొచ్చేవాళ్లం. చిన్నమ్మ తిడుతూనే కొబ్బరినూనె రాసేది.

ఆ ఏడు వెళ్లేసరికి, పెంకులు విప్పి డాబా వేయడానికని అటక మీది సామానంతా వాకిట్లోకి దించుతున్నారు. ఇత్తడి గంగాళం, విరిగిన ఉయ్యాల బల్ల, చిల్లు పడిన చేటలు... వాటి మధ్య పాత పంచెలో చుట్టిన గిటారు!

అది చిన్నమ్మది. పెళ్లికి ముందు దుమ్ముగూడెం వైపు ఒక దవాఖానాలో నర్సుగా చేసేది. అక్కడి ముసలి నర్సమ్మ ఒకామె నేర్పింది... ఊరు విడిచి వెళ్తూ తన గిటారునే చేతిలో పెట్టింది. అప్పటికే పాతది. చెక్క బెల్లం రంగుకు తిరిగి, వేళ్లు ఆనేచోట నున్నగా అరిగి ఉండేది. చీరల పెట్టెతో పాటు అత్తారింటికి వచ్చింది. వచ్చిన కొన్నాళ్లకే అటకెక్కింది.

"ఇది కాపుదనం చేసే ఇల్లు. గీ ఆటపాటలేంది?" అన్నదట వాళ్ల అత్తగారు. చిన్నాయనదీ అదే మాట. ఉద్యోగం కూడా అప్పుడే మాన్పించారు.

ఇప్పుడు దాన్ని అమ్మేద్దామని చిన్నాయన కొత్తగూడెం నుంచి ఒకాయన్ను పిలిపించాడు. పెళ్లిళ్లకు మైకుసెట్లు కిరాయికిచ్చే మనిషి. కొత్తగా పాటల బృందం పెడుతున్నాడట. గిటారును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకైతే వాయించరాదు పటేలా. మోగుతదో లేదో ఎట్ల తెల్వాలె?"

చిన్నాయన ఇంట్లోకి కేకేశాడు. "సుగుణా! జల్దీ రా. ఒకపాలి మోగిచ్చి చూపియ్యి."

ఇన్నేళ్లు దాన్ని ముట్టుకోనివ్వని మనిషి... వాయించమన్నాడు!

చిన్నమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని అరుగు మీద కూర్చుంది. తీగల్లో ఒకటి ఎప్పుడో తెగింది. మిగతావి మీటి వింటూ ఒక్కొక్కటే బిగించింది. మొదట వేళ్లు తడబడ్డాయి... తర్వాత తడబడలేదు. పెంకులు దించే కూలీలు నిచ్చెన మీదే నిలబడిపోయారు. అత్తగారు చెరుగుతున్న చేట ఆపేసింది. చిన్నాయన అలా చూస్తూ ఉండిపోయాడు. పెళ్లాం వాయించగా ఆయన వినడం అదే మొదలు.

"గింత మంచిగ వాయిస్తున్నరు... మీరే ఉంచుకోరాదు అక్కా?" అన్నాడు వచ్చినాయన.

చిన్నమ్మ తలెత్తి చిన్నాయన వైపు చూసింది. ఒక్క మాట చాలు... ఉండనీ అంటే చాలు.

"ఉంచుకుని ఏం చేస్తది? స్టేజీ ఎక్కుతదా ఏంది? తీస్కపో," అన్నాడు చిన్నాయన.

చిన్నమ్మ తీగలు వదులు చేసి, పంచెలో చుట్టి వచ్చినాయనకు అందించింది. "ఎండల పెట్టకు తమ్మీ... చెక్క పగుల్తది," అంది.

ఆయన వెళ్లాక నేను ఊరుకోలేక అడిగాను. "వద్దని ఎందుకనలే చిన్నమ్మా?"

"మోగుతదా అని అడిగిండ్రు గని, నీకు కావాల్నా అని ఎవరడిగిండ్రు బిడ్డా!"

అంతే. లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

అసలు కడుపు మండే సంగతి ఆ తర్వాతిది. డాబా గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలందరికీ చిన్నాయన ఒకటే గొప్పలు... "మా ఆమెకు గిటారొచ్చు, తెల్సా? వింటే మతి పోతది!" వాళ్లు ఆశగా చిన్నమ్మ వైపు తిరిగేవాళ్లు. వాయించడానికి ఇంట్లో ఏముంది? చిన్నమ్మ వడ్డన ఉందంటూ లోపలికి నడిచేది. అత్తగారు కూడా "అవ్, మా కోడలికి మస్తు విద్య" అని వంత పాడేది.

ఇప్పుడు ఖమ్మంలో ఆడపిల్లలు గిటారు భుజాన తగిలించుకుని బస్సెక్కుతుంటే ఆగి చూస్తాను. సంతోషమే... కానీ ప్రతిసారీ చిన్నమ్మే గుర్తొస్తుంది.

మీ అమ్మో, అత్తో, చిన్నమ్మో... మీ ఇంటి కోసం ఏం వదులుకున్నారో ఒకసారి అడగండి. ఏం చెప్పారో ఇక్కడ రాయండి. వాళ్లు ఉండగానే అడగండి... మా చిన్నమ్మ పోయాక గానీ నాకీ బుద్ధి పుట్టలేదు.