కందిరీగ పేగుకి వేసిన అతుకు

ఆ రోజుల్లో నాకు ధైర్యం ఎక్కువ, బుర్ర తక్కువ. లేకపోతే బెజవాడలో బీఎస్సీ చివరి ప్రాక్టికల్స్‌కి కోయడానికి ఎవరికిష్టమైన పురుగును వాళ్ళు తెచ్చుకోవచ్చంటే, అందరూ బుద్ధిగా బొద్దింకలు తెచ్చుకుంటుంటే, నేనొక్కదాన్నే కందిరీగను పట్టుకెళ్తానా! (మా జువాలజీ మేడమ్ వద్దే తల్లీ అని చెవినిల్లు కట్టుకుని పోరింది.) పరీక్ష తప్పితే చదువు మానేసి, పెడన దగ్గర మా ఊళ్ళో మగ్గం గుంటలోకి దిగి నేయాల్సిందేనని నాన్న ముందే తేల్చేశాడు.

నోటి భాగాలు దివ్యంగా వచ్చాయి. కొరికే దవడలు రెండు, నాకే నాలుక ఒకటి, గాజు పలక మీద పరిచి లెన్సులోంచి చూస్తే, అబ్బ, ఎంత ముద్దొచ్చాయో! ఆ ఊపులోనే పొట్ట విప్పి పేగు బయటికి తీయబోయాను. కందిరీగ నడుము సంగతి తెలుసుగా, పేగంతా ఆ సన్నటి సందులోంచే రావాలి. పట్టకారుతో లాగానో లేదో, పుటుక్కున తెగింది! ఇంకో కందిరీగ లేదు, టైమూ లేదు. అప్పుడు నా చేతులు నన్నడక్కుండానే మా ఇంటి పని మొదలెట్టాయి. మా నేతిళ్ళల్లో పోగు తెగితే రెండు కొసలూ కలిపి, వేళ్ళకి కాస్త బూడిద అద్దుకుని మెలిపెడతారు. లాబ్‌లో బూడిదెక్కడిది? పరీక్ష కదా అని నాయనమ్మ పెట్టిన విభూతి నుదుటి మీద ఉందిగా!

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"నడుము దగ్గర ఈ తెల్లటి గ్రంథి ఏంటమ్మా? ఏ పుస్తకంలోనూ లేదే!"

"విభూతండీ."

"ఏంటీ?"

"పేగు తెగిందండీ, అతికేశానండీ. మేం నేతవాళ్ళమండీ."

నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన పెదవి బిగించి, "పోనీ ఇది చెప్పు. ఇంత సన్న నడుముతో ఇది మాంసం ఎలా మింగుతుంది?" అన్నారు.

నాకు పూనకం వచ్చేసింది. "మింగదండీ! దవడలతో నమిలి ముద్దచేసి గూట్లో పిల్లలకి పెడుతుందండీ. అవి తిరిగి నోట్లోంచి ఓ తియ్యటి చుక్క ఇస్తాయండీ. ఆ చుక్కా, పూలతేనే నాకి బతుకుతుందండీ. పెద్దదానికి పిల్లలే అన్నం పెడతాయండీ!"

ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, పాస్ చేసేశారు.

ఇంటికెళ్ళి గంతులేస్తూ చెబితే నాన్న నమ్మలేదు. "మగ్గం మీద నువ్వతికిన పోగు ఒక్కటీ నిలవలేదు కదే! ఆ పేగెట్టా నిలిచింది?"

"ఆయన ముట్టుకోలేదు నాన్నా!"

ఇప్పుడు అదే బెజవాడలో నేనూ జువాలజీ చెబుతున్నాను. పిల్లలిప్పుడు పురుగుల్ని కంప్యూటర్ తెర మీదే కోస్తున్నారు, అక్కడ ఏ పేగూ తెగదు. నాకూ హాయిగానే ఉంది. కాకపోతే, తెగిన చోట ఏడుస్తూ కూర్చోకుండా అతకబోయిన ఆ పిచ్చిపిల్ల ఈ మధ్య నాలో ఎక్కడా కనబడటం లేదు. ఒక్కసారి కనబడితే బాగుండు, నవ్వుకుందుం.